మార్చి 31కీ మే ఎండకీ మధ్య: తొండల మీద ప్రాజెక్టు, గ్రాంట్ నడపడంపై సందేహాలు

ప్రశ్న: రాతిగుట్ట

అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో ఓ రాష్ట్ర విశ్వవిద్యాలయం, జంతుశాస్త్ర విభాగం. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ నుంచి మూడేళ్ల ప్రాజెక్టు మంజూరైంది, శాంక్షన్ ఆర్డర్ అక్టోబరులో వచ్చింది. జంతువు రాళ్ల మీద బతికే తొండ, సామోఫిలస్ డోర్సాలిస్. వేసవిలో ఒంటి వేడిని ఎలా అదుపు చేసుకుంటుంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత శక్తి ఖర్చు పెడుతుంది, ఎంత వేడికి కదలిక చాలిస్తుంది అన్నవి చూడాలి. ఫీల్డ్ స్థలాలు రెండు. ఒకటి మదనపల్లె వైపు రాతిగుట్టలు, రెండోది శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం లోపల.

పరికరాలకు 21 లక్షలు ఇచ్చారు. అందులో శ్వాసక్రియ కొలిచే రెస్పిరోమెట్రీ సెట్టుకే 17. ఒక జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ఏటా వినియోగ వస్తువులకు 4 లక్షలు, ప్రయాణాలకు లక్షన్నర.

అసలు పని ఏప్రిల్, మే నెలల్లో. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిసి, కొత్త డబ్బు ఎప్పటికో గానీ రాదంటున్నారు. అటవీ అనుమతి, జంతు నైతిక కమిటీ అనుమతి, పరికరం కొనుగోలు, జేఆర్ఎఫ్ నియామకం ఇవన్నీ ఏ వరుసలో మొదలుపెట్టాలి? ఎక్కడ ఇరుక్కుంటాయి? మొదటి వేసవి చేజారకుండా ఉండాలంటే ఏం చేయాలి?

కొండదారి

రాతిగుట్ట గారూ, అభినందనలు. డబ్బు సంగతి లెక్కలు తెలిసినవాళ్లు చెబుతారు. నేను అనుమతుల వరకే చెబుతాను. మీ ఏప్రిల్‌ని మింగేవి అవే.

మొదట తొండ పేరు ఏ షెడ్యూల్లో ఉందో చూడండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, జంతువుల జాబితాలు తారుమారయ్యాయి. పాత థీసిస్‌లో ‘షెడ్యూల్ 4’ అని ఉంటే దాన్నే దరఖాస్తులోకి దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటిది టేబుల్ దాటదు. సవరించిన జాబితా దగ్గర పెట్టుకుని శాస్త్రీయ నామంతో వెతకండి, వర్గీకరణలో పేరు మారి ఉంటే పాత పేరుతోనూ వెతకండి. ఏ పేజీలో ఉందో, లేక ఎక్కడా లేదో, కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యంగా రాసేయండి. చూసే అధికారికి సగం పని తగ్గుతుంది.

షెడ్యూల్లో ఉన్న జంతువును పరిశోధన కోసం పట్టుకోవాలంటే సెక్షన్ 12 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి. షెడ్యూల్ 1 జంతువైతే దానికి ముందు కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. జాతీయ వనం లోపలికి అడుగుపెట్టడానికి అనుమతి వేరే. అభయారణ్యాలకు చెప్పిన సెక్షన్ 28నే సెక్షన్ 35 ద్వారా జాతీయ వనాలకూ వర్తింపజేస్తారు. జంతువు ఏ షెడ్యూల్లో లేకపోయినా రిజర్వు ఫారెస్టులో పని చేయడానికి డీఎఫ్ఓ అనుమతి తప్పదు. మదనపల్లె గుట్టలు రెవెన్యూ భూమా, రిజర్వు ఫారెస్టా అన్నది సర్వే నంబరుతో తేల్చుకోండి. గుట్ట ఒకటే అయినా ఒక వాలు అటవీ శాఖది, ఇంకో వాలు రెవెన్యూది కావచ్చు.

రెండు స్థలాలకూ ఒకే దరఖాస్తు పెట్టకండి. వనం ఫైలు నెమ్మదిగా కదులుతుంది, దానితోపాటు గుట్టల ఫైలూ ఆగిపోతుంది. వేరువేరుగా పెడితే మొదటి వేసవి గుట్టల మీద గడిచిపోతుంది, రెండో వేసవికి వనం చేతికొస్తుంది. ప్రాజెక్టు ప్రతిపాదనలో రెండు స్థలాలూ మొదటి ఏడాదే అని రాసి ఉంటే వార్షిక నివేదికలో కారణం రాయండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

శేషాచలంలో ఇంకో చిక్కుంది. ఎర్రచందనం దొంగరవాణా వల్ల అక్కడ రాత్రిపూట మనుషుల కదలికను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. తొండ పగటి జంతువే కానీ, ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్లు పెట్టడానికి తెల్లవారుజామున, తీయడానికి చీకటి పడ్డాక వెళ్లాల్సి వస్తుంది. ఆ గంటలు దరఖాస్తులోనే రాయండి. మనుషుల పేర్లు, గుర్తింపు కార్డుల నంబర్లు, బండి నంబరు కూడా ఇవ్వండి. పట్టే సాధనాలను విడిగా పేర్కొనండి: గెడ, దాని చివర నైలాన్ దారపు ఉచ్చు, గుడ్డ సంచులు. పర్మిట్‌లో రాయని ఉచ్చు మీ సంచిలో కనిపిస్తే బీట్ ఆఫీసర్‌కి అది వేటగాడి ఉచ్చే. ఆయన్ని తప్పుపట్టలేం.

ఇక జంతు నైతిక కమిటీ. మీ సంస్థలోని ఆ కమిటీ, అంటే ఐఏఈసీ, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ కింద పనిచేస్తుంది. పాత కాగితాల్లో సీపీసీఎస్ఈఏ అని కనిపించేది దాని పాత పేరే. మీరు నింపాల్సింది ఫారం బి. కేంద్రం నియమించిన నామినీ లేకుండా మీటింగ్ జరగదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆర్నెల్లకోసారే పెడతారు, కాబట్టి తర్వాతి మీటింగ్ తేదీ ఇవాళే కనుక్కోండి.

తొండల ప్రయోగాల్లో కమిటీ పట్టుకునే చోట్లు ఇవి. అత్యధిక వేడి ఓర్పు పరీక్షకు ముగింపు ఏది? ‘జంతువు కుప్పకూలే వరకు’ అని రాస్తే తిప్పి పంపుతారు. వెల్లకిలా తిప్పితే తిరిగి బోర్లా పడలేని క్షణం ముగింపు అనీ, నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున వేడి పెంచుతారో, ముగియగానే ఎలా చల్లబరుస్తారో, ఎన్ని గంటలు గమనిస్తారో, తిరిగి ఎక్కడ వదులుతారో రాయండి. విశ్రాంతి జీవక్రియ కొలవాలంటే కడుపు ఖాళీగా ఉండాలి, అంటే 24 నుంచి 48 గంటల పస్తు. అది కూడా ఫారంలో ఉండాలి. తర్వాత గుర్తొచ్చి చేర్చాలంటే మళ్లీ మీటింగే.

అన్నిటికన్నా ఎక్కువగా కొంప ముంచేది సంఖ్యల తేడా. ఫారం బిలో 80 తొండలు, అటవీ దరఖాస్తులో 60, ప్రతిపాదనలో 96 అని ఉంటే మూడు చోట్లా ప్రశ్నలొస్తాయి. లింగాలు 2, రుతువులు 2, ఒక్కో గుంపుకు 15 అంటే 60. తప్పించుకునేవి, కొలత పాడయ్యేవి కలిపి పదో వంతు చేర్చితే 66. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి ఆ కాగితాన్నే మూడు చోట్లకూ జతచేయండి. పట్టి ఒంటి వేడి చూసి అక్కడికక్కడే వదిలేసేవి వేరే వరుస. వాటినీ ‘పట్టుకోవడం’ కిందే లెక్కిస్తారు.

లెక్కలగది

కొండదారి గారు చెప్పినవి నడుస్తుండగానే డబ్బు పని కూడా మొదలవ్వాలి. ఒకటయ్యాక ఒకటి అని కూర్చుంటే మొదటి ఏడాది అయిపోతుంది.

శాంక్షన్ ఆర్డర్‌ని ఒకసారి కాదు, పెన్సిల్ పట్టుకుని చదవండి. ప్రాజెక్టు మొదలైన తేదీ దేన్ని బట్టి, ఏ పద్దులో ఎంత, ఏ పద్దు నుంచి దేనికి మార్చుకోవచ్చు, డబ్బు ఏ పద్ధతిలో వస్తుంది. ఈ నాలుగూ దాన్లోనే ఉంటాయి. మామూలుగా రికరింగ్ (జీతం, వినియోగ వస్తువులు, ప్రయాణాల్లాంటి ఏటేటా వచ్చే) పద్దుల మధ్య కొంత వెసులుబాటు ఉంటుంది కానీ, రికరింగ్ డబ్బు పరికరాలకు మళ్లించడం రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదు. జేఆర్ఎఫ్ ఆలస్యంగా చేరి నాలుగు నెలల డబ్బు మిగిలింది, దాంతో ఇంక్యుబేటర్ కొందాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఆడిట్‌లో పట్టుబడేది అక్కడే.

ఇప్పుడు అసలు విషయం. ఒకప్పుడు డబ్బు విశ్వవిద్యాలయం ఖాతాలో పడి ఉండేది, మార్చి దాటినా అక్కడే ఉండేది. ఇప్పుడు కేంద్ర గ్రాంట్లు చాలావరకు ట్రెజరీ సింగిల్ అకౌంట్ తరహాలో, జీరో బ్యాలెన్స్ ఖాతాల్లో నడుస్తున్నాయి. మీకు వచ్చేది డబ్బు కాదు, ఖర్చు పెట్టుకునే పరిమితి. బిల్లు కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్ పీఎఫ్ఎంఎస్‌లో ఎక్కించినప్పుడే డబ్బు కదిలి నేరుగా అమ్మకందారుకు వెళ్తుంది. మార్చి 31న వాడని పరిమితి రద్దవుతుంది, తిరిగి ఇచ్చేదాకా ఆగాలి. మీ ప్రాజెక్టు ఈ పద్ధతిలో ఉందో లేదో ఆర్డర్‌లో చూసుకోండి. ఉంటే మార్చి నెలను నెలగా లెక్కేయకండి. ఫైనాన్స్ సెక్షన్‌కి మీ బిల్లులు మార్చి 10కి చేరాలి. ఎక్కించేవారు ఒకరు, ఆమోదించేవారు ఇంకొకరు, డిజిటల్ సంతకం రిజిస్ట్రార్‌దో ఫైనాన్స్ ఆఫీసర్‌దో. చివరి వారంలో వీళ్లలో ఒకరు సెలవు పెట్టినా మీ పని అంతే. కొత్త అమ్మకందారు బ్యాంకు ఖాతా పీఎఫ్ఎంఎస్‌లో ధ్రువీకరణ కావడానికి కూడా సమయం పడుతుంది. పెద్ద బిల్లుకు ముందే ఏదైనా చిన్న బిల్లు ఆయనకు చెల్లించి చూడండి. ఖాతా నంబరులో తప్పుంటే జనవరిలోనే బయటపడుతుంది. మార్చి 30న చెల్లింపు వెనక్కి తిరిగొస్తే దాన్ని మళ్లీ పంపడానికి పరిమితే మిగలదు.

కాబట్టి ఏప్రిల్, మే నెలల ఫీల్డ్ పనికి కావాల్సిన వస్తువులన్నీ జనవరి, ఫిబ్రవరిల్లో కొని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించేయండి. పాడైపోయే రసాయనాలు తప్ప అన్నీ. లాగర్లు, థర్మోకపుల్ తీగలు, గ్యాస్ సిలిండర్లు, రాగి గొట్టాలు, గుడ్డ సంచులు, బ్యాటరీలు. ఏప్రిల్‌లో మీకు కావాల్సింది బండి అద్దె, కూలీ, జేఆర్ఎఫ్ జీతం మాత్రమే అయ్యేలా చూసుకోండి. ఆ మూడింటికీ విశ్వవిద్యాలయం సొంత నిధి నుంచి తాత్కాలిక అడ్వాన్సు ఇస్తుందా అని ఫిబ్రవరిలోనే నోట్ పెట్టండి. పరిమితి వచ్చాక తిరిగి సర్దుబాటు చేస్తామని ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో ఉండాలి. ముందు ఖర్చు పెట్టి తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

కొత్త విడత త్వరగా రావాలంటే పాత ఏడాది లెక్క త్వరగా పోవాలి. డబ్బు దేనికి వాడారో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) జీఎఫ్ఆర్, అంటే కేంద్ర సాధారణ ఆర్థిక నియమాల 12-ఏ ఫారంలో ఇవ్వాలి. నిబంధన ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల గడువుంది. ఆ గడువు చూసి నిమ్మళంగా ఉంటే అన్ని నెలలూ మీ డబ్బు అక్కడే ఆగుతుంది. పద్దులవారీ ఖర్చు పట్టిక, ఆడిట్ కాని తాత్కాలిక యూసీ ఏప్రిల్ మొదటి పక్షంలో పంపేయండి, ఆడిట్ అయినది తర్వాత పంపండి. రెండింటిలో అంకెలు కలవకపోతే మాత్రం చిక్కే. కలవకపోవడానికి మామూలు కారణం ఒకటే: ఆర్డర్ ఇచ్చారు, డబ్బు చెల్లించలేదు, కానీ ఖర్చు గడిలో వేసేశారు. అది కట్టుబడిన ఖర్చు, వేరే గడిలో పర్చేజ్ ఆర్డర్ నకలుతో చూపించాలి.

జేఆర్ఎఫ్‌కి 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయ్యాక 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం, ఊరిని బట్టి మారుతుంది. రెండేళ్లు జేఆర్ఎఫ్, ఒక ఏడాది ఎస్ఆర్ఎఫ్ అంటే భత్యం కాకుండా 13,92,000. మీ బడ్జెట్‌లో పాత రేటు ఉంటే ఇప్పుడే సరిచేయమని రాయండి. మూడో ఏడాదిలో తక్కువ పడితే అడగడం కష్టం. ప్రకటన ఇవాళే వేయండి. ఇంటర్వ్యూ, ఆమోదం, చేరిక అయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. ఏప్రిల్‌కి ముందు కనీసం ఆరు వారాలు పని నేర్పాలి కదా.

డబ్బు పాత పద్ధతిలో ఖాతాలో ఉండి వడ్డీ వస్తే అది ప్రాజెక్టుది కాదు. కేంద్ర సంచిత నిధికి భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా కట్టి, రసీదు యూసీకి జతచేయాలి. కొన్న పరికరాలు జీఎఫ్ఆర్ 22 రిజిస్టర్‌లో, వినియోగ వస్తువులు 23లో. ఆడిటర్ ముందు అడిగేవి ఇవే.

స్పాన్‌గ్యాస్

రెస్పిరోమెట్రీ సెట్టు గురించి. 17 లక్షలన్నది ఏ ఏడాది కొటేషనో చూసుకోండి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు శాస్త్రీయ పరికరాల మీద ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18 నుంచి తీసేశారు. ఇప్పుడు 18 శాతం. పన్ను కలిపి 17 లక్షలంటే వస్తువు ధర 14 లక్షల 40 వేలు మాత్రమే. పన్ను కలపకుండా 17 అయితే 20 లక్షలు దాటుతుంది, ఇక మిగతా పరికరాలకు దాదాపు ఏమీ మిగలదు. కొటేషన్ డాలర్లలో ఉంటే మారకం తేడాకి కూడా కాస్త వదలాలి.

కొనుగోలు పద్ధతి మీ విశ్వవిద్యాలయం ఏ నిబంధనలు పాటిస్తుందో దాన్ని బట్టి. కేంద్రం 2025 జూన్‌లో శాస్త్ర సాంకేతిక శాఖలకు, వాటి సంస్థలకు పరిమితులు పెంచింది. 2 లక్షల వరకు కొటేషన్లు లేకుండా, 2 నుంచి 25 లక్షల వరకు కొనుగోలు కమిటీ ద్వారా. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట శాస్త్రీయ పరికరాలు కొనే అధికారం, 200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్‌కు ఆమోదమిచ్చే అధికారం డైరెక్టర్లకూ వైస్ ఛాన్సలర్లకూ ఇచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం సొంత స్టోర్స్ రూల్స్ ఇంకా పాత పరిమితుల్లోనే ఉండొచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) పెట్టండి.

దేశంలో తయారు కాని పరికరాన్ని మామూలు దేశీయ టెండర్‌లో పిలిస్తే మేక్ ఇన్ ఇండియా ఆర్డర్ అడ్డొస్తుంది. స్థానిక విలువ 20 శాతం కూడా లేని సరఫరాదారుకు అందులో పాల్గొనే అర్హతే ఉండదు. టెండర్ తెరిచాక ఈ విషయం తెలిస్తే మళ్లీ మొదటికే. ఒకే కంపెనీ చేసే వస్తువైతే ప్రొప్రైటరీ సర్టిఫికెట్ మీద కొనొచ్చు. కానీ ‘ఇదే ఎందుకు’ అన్నదానికి కంపెనీ ఇచ్చిన ఉత్తరం చాలదు, మీ కొలతల అవసరం చెప్పాలి.

ఆ అవసరం లెక్క వేద్దాం. 20 గ్రాముల తొండ 35 డిగ్రీల దగ్గర విశ్రాంతిలో గంటకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుందనుకోండి. గదిలోకి నిమిషానికి 100 మి.లీ. గాలి పంపితే లోపలికి వెళ్లే గాలికీ బయటకొచ్చే గాలికీ ఆక్సిజన్‌లో తేడా 0.05 నుంచి 0.08 శాతం. 21 శాతం మీద అంత చిన్న తేడాను చూడటం చవక ఎనలైజర్ వల్ల కాదు, రీడింగు దానంతటదే జరిగిపోయే డ్రిఫ్ట్‌లో మునిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ వైపు చూస్తే గాలిలో ఉండేదే 0.04 శాతం, అదే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి స్పెసిఫికేషన్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎనలైజర్‌కి పట్టుపట్టండి. ఫ్లో కంట్రోలర్ నిమిషానికి 20–200 మి.లీ. శ్రేణిలో ఉండాలి. ఎలుకల ప్రయోగశాలలకు అమ్మే సెట్టులో లీటర్లలో నడిచే కంట్రోలర్ వస్తుంది. అది మీ తొండకి పనికిరాదు, తర్వాత మార్చుకోవడానికి ఏ పద్దులోనూ డబ్బుండదు.

కొటేషన్‌లో కనిపించని ఖర్చులున్నాయి. కాలిబ్రేషన్‌కి స్వచ్ఛ నైట్రోజన్ సిలిండర్ ఒకటి, కార్బన్ డయాక్సైడ్ తెలిసిన గాఢతలో కలిపిన, సర్టిఫికెట్ ఉన్న సిలిండర్ ఒకటి. ఒక్కోదానికి రెగ్యులేటర్ విడిగా, సిలిండర్ డిపాజిట్ విడిగా. మిశ్రమం తయారై రావడానికి వారాలు పడుతుంది. తేమ పీల్చే డ్రైరైట్, కార్బన్ డయాక్సైడ్ పీల్చే సోడా లైమ్ ఏడాది పొడవునా కావాలి. వరుస కూడా ముఖ్యం: డ్రైరైట్, తర్వాత సోడా లైమ్, తర్వాత మళ్లీ డ్రైరైట్. సోడా లైమ్ తనే తేమ వదులుతుంది, చివర డ్రైరైట్ పెట్టకపోతే ఆ తేమ ఎనలైజర్‌లోకి పోతుంది. నీలం రంగు గులాబీకి తిరిగితే మార్చేయాలి.

కరెంటు సంగతి. ఏప్రిల్‌లో కోత పడితే ఎనలైజర్ మళ్లీ స్థిరపడటానికి గంటలు పోతాయి. యూపీఎస్, ఏసీ పరికరాల పద్దులో లేకపోతే విభాగం నుంచి ఇస్తామని హెడ్ ఉత్తరం ఇప్పుడే తీసుకోండి.

ఇంకో నిజం: అక్టోబరులో శాంక్షన్ వచ్చిన పరికరం ఏప్రిల్‌కి పని చేస్తుందని నమ్మకండి. కమిటీ, ఆర్డర్, బ్యాంకు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్), తయారీ, కస్టమ్స్, ఇన్‌స్టలేషన్ అన్నీ సవ్యంగా జరిగినా జూన్ అనుకోండి. మొదటి వేసవి ఫీల్డ్ కొలతలకే కేటాయించండి. ఒంటి వేడి, రాతి వేడి, తొండ ఆకారంలో పెట్టే రాగి గొట్టాల లోపలి వేడి. వీటికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సన్నని టి-రకం థర్మోకపుల్, చేతిలో పట్టే మీటర్, బటన్ అంతుండే ఐబటన్ లాగర్లు చాలు. డీఎస్1921జీ లాగర్‌లో 2,048 రీడింగులు పడతాయి, పది నిమిషాలకోటి అంటే 14 రోజులకు నిండిపోతుంది. డీఎస్1922ఎల్ 8,192 పడుతుంది, దాదాపు 57 రోజులు, కానీ అర డిగ్రీ మెట్టుతో. సన్నని మెట్టు పెడితే 4,096, అంటే 28 రోజులు. రెండు వారాలకోసారి గుట్ట ఎక్కే వీలు లేకపోతే మొదటి రకం కొనకండి. కొనే ముందు ఇవి వినియోగ వస్తువులా, చిన్న పరికరాలా అన్నది ఫైనాన్స్ సెక్షన్‌ని అడగండి. ఒక్కొక్కటి చవకే అయినా యాభై కొంటే ఆడిటర్ కంట్లో పడుతుంది.

రాతిగుట్ట

అందరికీ ధన్యవాదాలు. పన్ను లెక్క చూస్తే 17లో పన్ను కలిసే ఉంది, ఎనలైజర్ స్పెసిఫికేషన్ తిరగరాస్తాను. ఇంకో మూడు సందేహాలు. బండి అద్దె, స్థానిక కూలీ బిల్లులు ఎలా ఉండాలి? రెస్పిరోమెట్రీ సెట్టును ఎనలైజర్, పంపు, ఫ్లో కంట్రోలర్ అని విడివిడిగా కొంటే కమిటీ బాధ తప్పుతుందని సీనియర్ సార్ ఒకరు అన్నారు, చేయొచ్చా? అమెరికాలో ఉన్న సహకారి కాలేయం నమూనాలు పంపమంటున్నారు, ఆర్ఎన్ఏ వాళ్లు చూస్తారట.

లెక్కలగది

విడివిడిగా కొనడం గురించి ముందు. వద్దు. పై అధికారి ఆమోదం తప్పించుకోవడానికి అవసరాన్ని ముక్కలు చేయకూడదని జీఎఫ్ఆర్ రూల్ 157 నేరుగా చెబుతోంది. ఒకే నెలలో ఒకే ప్రయోగానికి మూడు ఆర్డర్లు కనిపిస్తే ఆడిటర్ అడిగేది ఆ సీనియర్ గారిని కాదు, మిమ్మల్నే.

బండికి ఒక్కసారి కొటేషన్లు పిలిచి కిలోమీటరు రేటు, రోజు కనీసం, డ్రైవర్ భత్యం ఖరారు చేసుకోండి. సీజన్ మొత్తం అదే రేటు నడుస్తుంది. లాగ్‌షీట్‌లో బయల్దేరినప్పటి, తిరిగొచ్చినప్పటి మీటర్ రీడింగు, స్థలం, పని, మీ సంతకం ప్రతి ట్రిప్పుకీ ఉండాలి. సీజన్ అయ్యాక కూర్చుని ఒకే పెన్నుతో రాసిన లాగ్‌షీట్ చూడగానే తెలిసిపోతుంది. సొంత కారు వాడాలంటే రేటు, ముందస్తు అనుమతి రెండూ కావాలి.

కూలీకి హాజరు పట్టీ పెట్టి, డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయండి. రోజు కూలీ కనీస వేతనం కన్నా తక్కువ ఉండకూడదు. ఖాతాలు పీఎఫ్ఎంఎస్‌లో ముందే ఎక్కించుకోవాలి. ఏప్రిల్‌లో కొండ కింద నిలబడి ఆధార్ నకళ్లు వెతుక్కోవద్దు. ఇద్దరు కావాలంటే నలుగురివి నమోదు చేసి ఉంచండి, ఒకరు రాకపోయినా పని ఆగదు.

మిసిసిపిగట్టు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం గ్రాంట్స్ ఆఫీసులో పని చేస్తున్నాను, నమూనాల సంగతి చెబుతాను. జీవవైవిధ్య చట్టం ప్రకారం భారతదేశపు జీవ వనరును పరిశోధనకు తీసుకోవాలంటే విదేశీయులు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. కేంద్రం ఆమోదించిన సహకార ప్రాజెక్టులకే మినహాయింపు. ‘కొంచెం కాలేయమే కదా, జేబులో వేసుకెళ్తాను’ అన్నది చట్టవిరుద్ధం. మీ అటవీ పర్మిట్‌లో కూడా నమూనా సేకరణ, నమూనా తరలింపు అని రెండు వేరు మాటలుంటాయి, మొదటిది ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఇక్కడికి చేరాక అమెరికా చేప, వన్యప్రాణి శాఖకు 3-177 ఫారంలో డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. అది లేని పార్శిల్ రేవు దగ్గరే ఆగిపోతుంది. ఆర్ఎన్ఏ అయితే డ్రై ఐస్ కరిగిపోయేలోగా కాగితాలు రావు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సీక్వెన్సింగ్ చేయించి డేటా పంచుకోవడం చౌక. ఆ పని మీ వినియోగ వస్తువుల్లో పడుతుందా, బయటి సేవల్లో పడుతుందా అని అడగండి. డేటా, ఫలితాలు విదేశానికి పంచుకోవడం మీద కూడా ఆ చట్టంలో నిబంధనలున్నాయి, సహకార ఒప్పందం రాసేటప్పుడు మీ సంస్థ లీగల్ సెల్‌కి చూపించండి.

మీ సహకారికి కూడా ఒక సంగతి చెప్పి ఉంచండి. వాళ్లకి ఎన్ఎస్ఎఫ్ (అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్) గ్రాంట్ ఉంటే దాని గడియారం వేరు. వార్షిక నివేదిక బడ్జెట్ ఏడాది ముగియడానికి 90 రోజుల ముందే పంపాలి, తుది నివేదిక గ్రాంట్ ముగిసిన 120 రోజుల్లోపు. అక్కడ ఏటా మార్చి 31 భయం లేదు, మిగిలింది తర్వాతి ఏడాదికి వస్తుంది. అందుకే ‘మేలో చూద్దాం’ అని తేలిగ్గా అంటారు. మీ మార్చి సంగతి వాళ్ల తలకెక్కేలా చెప్పాలి.

కొండదారి

నమూనా మాటకి ఒక్కటి కలుపుతాను. కాలేయం అంటే తొండను చంపాలి. మీరు మొదట రాసిన ప్రశ్నలో చంపే ప్రయోగం లేదు. ఫారం బిలో అనాయాస మరణం ఏ పద్ధతిలో, ఎన్ని, ఎందుకు అన్నది చేరిస్తే కమిటీ చూపు మొత్తం దాని మీదికి మళ్లుతుంది, అటవీ శాఖ ‘పట్టి వదలడం’ పర్మిట్ కూడా చాలదు. మొదటి దరఖాస్తులో అది పెట్టకండి. తోక చివరి ముక్కతోనో రక్తపు చుక్కతోనో సహకారి పని సాగుతుందేమో అడగండి, సాగితే వాటినే ఇప్పుడు రాయండి. కాలేయం తప్పదంటే మొదటి వేసవి డేటా చేతికొచ్చాక సవరణగా పెట్టండి.

రాతిగుట్ట

అర్థమైంది. కాలేయం పక్కన పెట్టాను, తోక ముక్క చాలని సహకారి ఒప్పుకున్నారు. ఐఏఈసీ మీటింగ్ డిసెంబరు మొదటి వారంలో ఉంది, ఫారం బి నవంబరు 15లోపు ఇవ్వమన్నారు. గుట్టల దరఖాస్తు ఈ వారమే వేస్తున్నాను. ఒకవేళ రెండో వేసవికీ వనం పర్మిట్ రాకపోతే పొడిగింపు అడగొచ్చా?

లెక్కలగది

అడగొచ్చు, అదనపు డబ్బు లేకుండా. కానీ ప్రాజెక్టు ముగిసే తేదీకి ముందే ఉత్తరం అక్కడ చేరాలి. ముగిశాక పెట్టిన ఖర్చుకి ఎవరూ బాధ్యత తీసుకోరు, జేఆర్ఎఫ్ జీతం మీ నెత్తిన పడుతుంది. పర్మిట్ కోసం మీరు రాసిన ప్రతి ఉత్తరం, ప్రతి రిమైండర్ తేదీలతో ఒక ఫైల్లో పెట్టండి, పొడిగింపు ఉత్తరానికి అవే ఆధారం. ఆ కాలానికి మనిషి జీతం మిగిలి ఉందో లేదో ముందే చూసుకోండి. జేఆర్ఎఫ్ నాలుగు నెలలు ఆలస్యంగా చేరితే మిగిలే డబ్బుంది కదా, దాన్ని వేరే పద్దుకి మార్చమని తొందరపడి అడగకుండా అలాగే ఉంచితే పొడిగింపులో అక్కరకొస్తుంది.

స్పాన్‌గ్యాస్

పొడిగింపు కాలానికి పరికరం వారంటీ ఉండకపోవచ్చు, అది కూడా చూసుకోండి. ఆర్డర్‌లోనే వారంటీ మూడేళ్లు, ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి అని రాయించండి. షిప్‌మెంట్ తేదీ నుంచి అని కంపెనీ రాస్తుంది, సంతకం పెట్టేముందు ఆ ఒక్క లైను కొట్టేయించండి.